మా ఊరి డాక్టరు హస్తవాసి

మా ఊళ్లో అందరూ వాణ్ని సారు అంటారు. ఎదురుపడితే నేనూ సారు అనే అంటాను, ఊళ్లో బతకాలి కదా. కాగితం మీద మాత్రం వాడు అనే రాస్తాను. ఇక్కడ నా నోరు మూసేవాళ్లెవరూ లేరు.

మాది మొగుళ్లపల్లి మండలంలో ఒక పల్లె. వాడు చదివింది డాక్టరీ కాదు. హనుమకొండలో ఏదో ప్రైవేటు దవాఖానలో కాంపౌండరుగా కొన్నేళ్లు చేసి, మెడలో గొట్టం వేసుకుని ఊరికి తిరిగొచ్చాడు. రోడ్డు పక్క గదికి ఆకుపచ్చ తెర కట్టి కూర్చున్నాడు. జ్వరమొస్తే వాడే, తేలు కుడితే వాడే. "సారు చెయ్యి మంచిది" అంటారు మా వాళ్లు. మందు ఏదైనా సరే, ఇచ్చే చెయ్యి మంచిదైతే రోగం దిగుతుందని మా నమ్మకం. పెద్ద దవాఖానలో సూది వేయించుకుని వచ్చి, మళ్లీ వాడి చేతితో ఒక బిళ్ల మింగితే గానీ నెమ్మదించని ముసలమ్మలు మా వాడలో ఇప్పటికీ ఉన్నారు. హస్తవాసి అంటే అదీ.

ఆ చెయ్యే మా అక్క గర్భసంచి తీయించింది.

అక్కా నేనూ జఫర్‌గఢ్ పక్క ఊరి పిల్లలం. అన్నదమ్ములిద్దరికి అక్కాచెల్లెళ్లిద్దరినీ ఇచ్చారు కాబట్టి తోడికోడళ్లం కూడా. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే అక్కకు నడుంనొప్పి, తెల్లబట్ట మొదలయ్యాయి. అక్కకు అప్పటికి ముప్పై కూడా నిండలేదు. వాడు అక్కను కూర్చోబెట్టి, నాడి పట్టుకుని, కళ్లు మూసుకుని, "సంచి పుండైంది బిడ్డా. ఉంచితె క్యాన్సర్ అయితది" అన్నాడు. అంతే. ఇంట్లో ఏడుపులు.

మా దిక్కు ఆడవాళ్లకు ఆపరేషన్లన్నీ ఎండాకాలంలోనే. పత్తి ఏరడం అయిపోవాలి, మిరప కల్లంలోంచి ఇంటికి రావాలి, అప్పుడు గానీ ఆడదానికి మంచంలో పడుకునే తీరిక దొరకదు. ఇల్లు కప్పుకోవడం, గోడలు మెత్తుకోవడం, సంచి తీయించుకోవడం, అన్నీ ఒక్క కాలంలోనే. ఆ ఎండాకాలం వాడు ఒక ఆటో మాట్లాడి మా ఊరి ఆడవాళ్లను కొందరిని హనుమకొండ తీసుకుపోయాడు. అక్కకు తోడుగా ఫ్లాస్కు పట్టుకుని నేనూ ఎక్కాను. స్కానింగ్ గదిలోంచి బయటికి వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే మాట. సంచి పుండైంది. ఉంచితే క్యాన్సర్. ఆ ఆటోలో ఎక్కిన ఒక్కరు కూడా సంచితో తిరిగి రాలేదు. వాడలో ఇంతమందికి ఒకేసారి సంచులు ఎట్లా పుండయ్యాయని అడిగినవాళ్లు లేరు. "ఇద్దరు పిల్లలైరి గదా, ఇంక సంచితోని ఏం పని?" అని మా అత్త అంది. పక్కింటి అవ్వ కూడా అదే అంది. బావ సంతకం పెట్టాడు.

సంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారని మాకు చాలా కాలానికి గానీ తెలియలేదు. అక్కకు ఒళ్లంతా సెగలు పుట్టేవి. చలికాలంలో కూడా వాకిట్లో కూర్చుని కొంగుతో విసురుకునేది. తర్వాత మోకాళ్లు పోయాయి. మానుకోట దిక్కు మిరప ఏరడానికి పోతే అక్క వెంట సాలు పట్టడం ఎవరి తరమూ అయ్యేది కాదు. అట్లాంటి మనిషి కూర్చుంటే లేవడానికి గోడ వెతుక్కోవలసి వచ్చింది. కూలికి పోవడం మానేసింది. ఇప్పుడు మా ఇంటి ముందు గదిలో నేను పెట్టుకున్న కుట్టు మిషన్ పక్కన కూర్చుని జాకెట్లకు హుక్కులు, కాజాలు కుడుతుంది.

ఇంత జరిగినా అక్క నోటివెంట వాడి మీద ఒక్క తప్పు మాట రాలేదు. పైగా, "సారు పుణ్యాన బతికిన. లేకుంటె గీ పాటికి నా ఫొటోకు దండ ఏద్దురు" అనేది. ఒకసారి ఉండబట్టలేక, "నీకు క్యాన్సరూ లేదు, పాడూ లేదు. వాడు అందరికీ చదివిన మంత్రమే నీకూ చదివిండు" అన్నాను. అక్క సూది కింద పెట్టేసి లేచిపోయింది. బతుకమ్మ పండుగ వచ్చిపోయేదాకా నాతో మాట్లాడలేదు.

అప్పుడు పట్టాను పంతం. నేను చెబితే అక్క నమ్మదు. దేవుడు దిగొచ్చి చెప్పినా నమ్మదు. వాడే చెప్పాలి. మా అక్క ముందర నిలబడి, ఆ నోటితోనే, నీ సంచికి ఏమీ కాలేదు బిడ్డా అని చెప్పాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు. పాము పగ పన్నెండేళ్లంటారు. నాది అంతకంటే తక్కువదేమీ కాదు.

*

ఆ తర్వాత కొన్నేళ్లకు నా వంతు వచ్చింది. నెల వస్తే ఆగేది కాదు. మిషన్ ముందు కుర్చీలో మడతలు పెట్టిన పాత చీర వేసుకుని కూర్చునేదాన్ని, లేచేటప్పుడు ఎవరైనా ఉన్నారా అని వెనక్కి చూసుకునేదాన్ని. మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. అత్త రోజూ అదే పాట: "సారు తాన్కి పో."

పోయాను. వైద్యానికి కాదు, వాడు ఏమంటాడో విందామని పోయాను. వాడు నా పొట్ట మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, "సంచిల గడ్డ లేసింది. ఉంచితె క్యాన్సర్ అయితది" అన్నాడు. స్కానింగూ లేదు, ఏమీ లేదు.

"మా అక్కకు గూడ గిదే చెప్తివి గద సార్" అన్నాను.

వాడు నవ్వాడు. "మీ అక్క ఇప్పుడు మంచిగ లేదా? పోయి అడుగు. నా చెయ్యి ఎసొంటిదో మీ అక్కనే చెప్తది."

పాడుగాను! మా అక్కను ముంచిందీ వాడే, మా అక్కనే సాక్ష్యం పిలిచేదీ వాడే. నిజంగానే, వాడు క్యాన్సరని భయపెట్టిన ఆడవాళ్లందరినీ అక్క దగ్గరికే పంపేవాడట. అక్క మంచిగా నవ్వుతూ, భయపడకుండ్రి, సారు ఉన్నడు అని చెప్పేదట. ఆ రోజు ఇంటికి వచ్చి కత్తెర పట్టుకుంటే గుడ్డ కూడా సరిగ్గా తెగలేదు నాకు.

ఆ కోపమే నన్ను భూపాలపల్లి సర్కారు దవాఖానకు నడిపించింది. అక్కడి లేడీ డాక్టరు స్కానింగ్ తీయించి, బొమ్మ నా వైపు తిప్పి చూపించింది. "గడ్డ ఉంది. ఇది క్యాన్సర్ కాదు. చాలామంది ఆడవాళ్లకు ఉండేదే" అంది. రక్తం తక్కువుందని మందులిచ్చింది. సంచి తీయకుండా దారి లేదా అని అడిగాను. గడ్డ ఒక్కటే తీసే ఆపరేషన్ ఉందని చెప్పింది. కత్తి పెట్టకుండా, స్కానింగ్ తరంగాలతోనే గడ్డను లోపల్లోపల మాడ్చేసే పద్ధతి కూడా పట్నంలో ఉందని, అది అందరికీ కుదరదని, వాళ్లు చూసి చెప్పాలని అంది.

నేను అదే పట్టుకున్నాను. ఇంట్లో ఒక్కరు సరే అనలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అత్త నన్నే దెప్పింది. మా ఆయన, "సంచి తీసేస్తె పీడ పోవు గద" అన్నాడు. "నీదేదన్న తీపిచ్చుకో, పీడ పోతది" అన్నాను. అయినా పట్నం వెంట వచ్చాడు. అక్క కూడా, "నా లెక్క ఒక్కసారి కోపిచ్చుకుంటె అయిపోవు చెల్లె" అంది. అక్క నోట ఆ మాట విన్నాక నాకు ఇంకా మొండి పుట్టింది.

పట్నం డాక్టరు చిన్నవాడే. చిన్నప్పుడు భూతద్దం పెట్టి ఎండలో కాగితం కాల్చారా అని అడిగాడు. అదే లెక్క అన్నాడు. స్కానింగ్ తరంగాలే, కానీ చాలా వైపుల నుంచి తెచ్చి ఒక్క చుక్క మీద కూడగడతారు. దారిలో చర్మం కాలదు, కండ కాలదు, అన్నీ కలిసే ఆ చుక్క దగ్గర మాత్రం గడ్డ మాడుతుంది. అట్లా చుక్క చుక్కా మాడ్చుకుంటూ పోతారు. చచ్చిన గడ్డను ఒళ్లే మెల్లమెల్లగా కరిగించుకుంటుంది.

అంతా సరే అనుకున్నాక నన్ను పడుకోబెట్టి పొట్ట చూశాడు. చూసి ఆగిపోయాడు. బొడ్డు కింద వాత మచ్చలున్నాయి నాకు. చిన్నప్పుడు కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే మా నాయనమ్మ పసుపుకొమ్ము కాల్చి పెట్టిన వాతలు. మా తరం పిల్లల్లో వాత లేని పొట్ట తక్కువ. డాక్టరు ఆ మచ్చలను వేలితో తడిమి, కాలిన తోలులోంచి తరంగం సాఫీగా పోదని, అక్కడే వేడి పట్టి చర్మం ఉడికిపోతుందని చెప్పాడు. మచ్చలు దారికి అడ్డం ఉంటే ఈ వైద్యం కుదరదు, కోతే దిక్కు.

నాకు ముందు గుర్తొచ్చింది సంచి కాదు, వాడి నవ్వు. నేను కోయించుకుని ఊళ్లోకి దిగితే వాడు ఆ తెర పక్కకు జరిపి, "చెప్తి గద బిడ్డా" అంటాడు. పోయిన నాయనమ్మను కూడా ఆ పూట నోరారా తిట్టాను. మనసు మంచిదే, చేతిలో పసుపుకొమ్ము ఎందుకు పట్టిందో మహాతల్లి!

పెద్ద మిషన్లో పెట్టి లోపలి బొమ్మలు తీశారు. గడ్డ ఒక పక్కకు ఒరిగి ఉంది. మచ్చలను తప్పించి పక్క నుంచి దారి దొరుకుతుందని డాక్టరు బయటికి వచ్చి చెప్పేసరికి, చేతులెత్తి దండం పెట్టాను. ఆయన ఇబ్బందిపడ్డాడు.

చేసిన రోజు నన్ను బోర్లా పడుకోబెట్టారు. పొట్ట కింద చల్లటి జిగురు లాంటిది. మత్తు కొద్దిగానే ఇచ్చారు, మెలకువగానే ఉన్నాను. చేతిలో ఒక మీట పెట్టి, ఓర్చుకోలేనంత నొప్పి లేస్తే నొక్కమన్నారు, నొక్కితే ఆపేస్తారట. మిషన్ పెద్ద సొరంగంలా ఉంది, లోపల డబడబా రేకుల మీద కొట్టినట్టు చప్పుడు. ప్రతి దెబ్బకూ లోపల వేడి చురుక్కుమనేది, తుంటి దాకా లాగేది. మధ్యమధ్యలో, ఎట్లా ఉందమ్మా అని అడిగేవాళ్లు. మంచిగుంది, కానియ్యుండ్రి అనేదాన్ని. నిజం చెబుతున్నా, ఒక్కో దెబ్బకూ వాణ్ని తలుచుకున్నాను. ఇది అక్క మోకాళ్లకు. ఇది అక్క మిరప చేనుకు. ఇది నువ్వు నవ్వినందుకు. గడ్డ మాడిందో లేదో గానీ వాడు మాత్రం నా లోపల పూర్తిగా మాడాడు. మీట ఒక్కసారి కూడా నొక్కలేదు.

మర్నాడు హాల్లో కూర్చుంటే ఎదురుగా ఒక పెద్దాయన కనిపించాడు. గుండు గీసి ఉంది. ఆయన చేతులు ఎన్నో ఏళ్లుగా వణికేవట, అన్నం ముద్ద నోటి దాకా పోయేది కాదట. ఇవే తరంగాలు తలలోకి పంపి, వణుకు పుట్టించే చిన్న చోటును మాడ్చారట. ఆయన ఒక చేత్తో నీళ్ల గ్లాసు నిండా పట్టుకుని చుక్క ఒలకకుండా తాగాడు. ఆయన భార్య కళ్లు తుడుచుకుంటూ అక్కడున్న మా అందరికీ చూపించింది. విన్నది విన్నట్టే ఊరికి మోసుకొచ్చి అందరికీ చెప్పాను.

*

ఊరికి రాగానే అత్త చేసిన మొదటి పని, నా చీర పక్కకు తీసి కుట్లెక్కడున్నాయని వెతకడం. కుట్లు లేవు. "మరి ఏం తీసిండ్రే?" అంది. "ఏం తియ్యలె. లోపట్నే మాడ్చిండ్రు" అన్నాను. నమ్మలేదు. వాడ నమ్మలేదు. జాకెట్ కొలతలివ్వడానికని ఒక్కొక్కరూ వచ్చి, తలుపు దగ్గరికి వేసి, నా పొట్ట చూసి పోయారు. నేను కూడా సిగ్గుపడలేదు, అడిగినదానికీ అడగనిదానికీ చూపించాను. నెలలు గడిచేకొద్దీ నెత్తురు తగ్గింది. మొహంలోకి రంగు వచ్చింది. నా మొహమే ఊరికి సాక్ష్యం అయింది.

ప్రతి ఒక్కరికీ ఒకటే చెప్పాను: ఇది అందరికీ కుదరదు, నాకు కుదిరింది. కానీ సంచి మీద ఎవడైనా చెయ్యి పెట్టి క్యాన్సర్ అంటే, ముందు భూపాలపల్లి పోయి బొమ్మ తీయించుకోండి. చాలామంది పోయారు. చాలామందికి మందులతోనే సరిపోయింది. ఆ తర్వాతి ఎండాకాలం వాడి ఆటో కదల్లేదు. తెర పక్కన వాడు ఒక్కడే కూర్చుని పేపరు తిరగేస్తుంటే, నాకు పని లేకపోయినా ఆ దారినే రెండుసార్లు పోయి వచ్చేదాన్ని.

అయినా కడుపు నిండలేదు. అక్క ముందర వాడు చెప్పనే లేదు కదా.

అప్పుడు వాడి చెయ్యి వణకడం మొదలైంది. కుడి చెయ్యి, సూది పట్టే చెయ్యి. మొదట దాచాడు, జేబులో పెట్టుకునేవాడు. ఒకరోజు మా వాడ ముసలమ్మకు సూది వేయబోతే నరం దొరక్క, చెయ్యంతా నల్లగా కమిలిపోయింది. సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట: "సారు చెయ్యి పోయింది." హస్తవాసి పోయినవాడి దగ్గరికి మా ఊళ్లో ఎవరు పోతారు? కాగల కార్యం గంధర్వులే తీర్చారు. నేను ఆ రోజు సేమియా పాయసం వండాను. ఏం పండుగ అని మా ఆయన అడిగితే, తినబుద్ధయింది అన్నాను. అక్క మాత్రం గిన్నెలో పెరుగు, అరటిపళ్లు పట్టుకుని వాణ్ని చూసి వచ్చింది. "పాపం, సారు ఎంత పరేషాన్ల ఉన్నడో" అంది. నేను పాయసం గిన్నె పక్కకు నెట్టేశాను.

*

ఒక మధ్యాహ్నం, వీధిలో మనిషి లేని వేళ చూసుకుని వాడే మా ఇంటికి వచ్చాడు. నేను మిషన్ దగ్గర ఉన్నాను. అక్క గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని హుక్కులు కుడుతోంది. లేవబోయింది.

"కూసో బిడ్డా, కూసో" అని వాడు స్టూలు మీద కూర్చున్నాడు.

అక్కే చాయ్ పెట్టి తెచ్చింది. వాడు గ్లాసు అందుకోబోయి కుడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎడమ చేత్తో పట్టుకుని కింద పెట్టాడు. కొంతసేపు ఎండల గురించి మాట్లాడాడు. పత్తి గురించి మాట్లాడాడు. నేను మిషన్ తొక్కుతూనే ఉన్నాను. చివరికి గొంతు తగ్గించి అసలు సంగతికి వచ్చాడు.

"నువ్వు పట్నంల ఎవలకో చేతుల వణుకు పోయిందని చెప్పినవంట గద. ఎక్కడ బిడ్డా? ఏ దవాఖాన? నేను దినాం మందులు మింగుతున్న, తగ్గుతలేదు. గీ చెయ్యి లేకుంటె నేను లేను. జర నాకు చెప్పు. ఊర్ల మాత్రం ఎవలకు చెప్పకు."

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. నేను మిషన్ ఆపాను. ఇన్నేళ్లు మనసులో అనుకుని అనుకుని అరగదీసిన మాటలన్నీ ఒక్కసారి నాలిక మీదికి వచ్చాయి. పట్నం చీటీ గోడకున్న కొలతల సంచిలోనే ఉంది. తీసి, వాడికి కనబడేటట్టు మిషన్ మీద పెట్టాను.

"అన్ని గిండ్ల ఉన్నయ్ సార్. ఇస్త. నీ చెయ్యికి కుదురుతదో లేదో ఆళ్లు చూసి చెప్తరు. గని ముందుగాల ఒక్కటి చెప్పు. మా అక్క గీన్నే ఉంది. మా అక్క సంచికి ఏమైందని తీపిచ్చినవ్?"

వాడి మొహం మారింది. "గయ్యన్ని ఇప్పుడెందుకు?"

"ఇప్పుడే కావాలె. అబద్ధం చెప్తివనుకో, చీటీ పొయ్యిల పెడ్త. చెయ్యి అట్లనే ఊపుకుంట పో."

"చెల్లె, ఏందే గది!" అంది అక్క. "సారును పట్టుకోని అట్ల మాట్లాడ్తవా?"

"నువ్వూకో అక్కా. సారే చెప్తడు."

వాడు అక్క వైపు చూడలేదు. తొడ మీద కుడి చెయ్యి కొట్టుకుంటుంటే ఎడమ చేత్తో దాన్ని అదిమి పట్టుకున్నాడు.

"గప్పుడు అందరికి ఒక్క తీర్గనే చెప్పేటోన్ని" అన్నాడు. "దవాఖానోళ్లు మనిషికింత ఇచ్చి తోలియ్యుమనేటోళ్లు. నేను తోలిచ్చిన."

"అందరి సంగతి నాకెందుకు? మా అక్కకు ఏమైంది?"

"ఏం కాలె. ఉత్త తెల్లబట్టనే. నెల దినాలు బిళ్లలు మింగితె పోవు."

అదిగో, వచ్చింది! నేను కోరుకున్న మాట, కోరుకున్న నోటి నుంచి, కోరుకున్న మనిషి ముందర. గెలిచినదానిలా అక్క వైపు తిరిగాను. విన్నవా, నేను చెప్పలేదా అని అడగబోయాను.

అక్క మొహం చూసి ఆగిపోయాను. చేతిలో జాకెట్ అట్లాగే ఉంది, సూది అట్లాగే ఉంది. కళ్లలో నీళ్లు లేవు, ఏమీ లేదు. ఊళ్లో ఎవరో పోయారని విన్నప్పుడు, ఎవరు అని అడిగేముందు ఉంటామే, అట్లా ఉంది.

"క్యాన్సర్ గాకపోవునా?" అని మెల్లగా అడిగింది.

"కాకపోవు బిడ్డా."

"సంచి మంచిగనే ఉండెనా?"

వాడు తల వంచుకున్నాడు. "మంచిగనే ఉండె."

నేను అన్న మాట అన్నదే. చీటీ తీసి వాడి చేతిలో పెట్టాను. వాడు రెండు చేతులతో దాన్ని పట్టుకుని లేచాడు. అక్క గోడ పట్టుకుని తానూ లేచింది, మోకాళ్లు పటపటలాడాయి. రెండడుగులు వేసి వాడి వేళ్ల మధ్య నుంచి చీటీ లాగేసుకుంది. అంత వేగంగా అక్క చేతులు కదలడం మిరప చేను తర్వాత నేను మళ్లీ చూడలేదు.

"నా సంచి తెచ్చి నా చేతుల పెట్టు సార్" అంది. "గప్పుడు గిది తీస్కపో."

వాడు నా వైపు చూశాడు, బేరం గుర్తు చేస్తున్నట్టు. నేను ఇచ్చేశాను, ఇంక అది అక్కది. కాసేపు నిలబడ్డాడు. "బిడ్డా" అని ఒకసారి అన్నాడు. వాడు చెయ్యి జేబులో పెట్టుకుని గడప దిగి పోయాడు. చాయ్ తొరక కట్టి అక్కడే ఉంది.

నేను నవ్వబోయాను. ఇట్లాంటి దెబ్బ నేను కూడా కొట్టలేకపోయేదాన్ని. "మంచిగ అన్నవక్కా" అన్నాను.

అక్క చీటీని మడిచి, ఇంకా మడిచి, గుప్పిట్లో పెట్టుకుని మళ్లీ గోడకు ఆనుకుని కూర్చుంది.

"నిజం చెప్పిచ్చినవ్ చెల్లె, మంచిదే. గని సారు బతికిచ్చిండని అనుకుంటనే నేను ఇన్నేండ్లు ఎల్లదీసిన. మోకాళ్లు నొచ్చినా అదే అనుకున్న, ఒళ్లు మండినా అదే అనుకున్న. ఇంక ఏమనుకోని ఎల్లదియ్యాలె, నువ్వే చెప్పు."

జాకెట్ కోసం ఎవరో వస్తున్న చప్పుడు వినబడితే, లేచి తలుపు దగ్గరికి వేశాను.